అమ్మ నోట్లో ప్లేటు

మా అమ్మ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకూర్మం పక్కనున్న మా ఊళ్ళో ఆమె ఈడు ఆడవాళ్ళలో చాలామందికి ఆ అలవాటుంది. నాట్లు వేసేటప్పుడు చేతులు బురదలో ఉన్నా ఇబ్బంది లేదు, వాన పడినా చుట్ట ఆరదు. నిప్పు ఎప్పుడూ నోట్లోనే కాబట్టి, ఆమె అంగిలి మీద పుండు లేచి ఎన్నాళ్ళకీ మానకపోతే మాకు భయం వేసింది గానీ ఆశ్చర్యం వేయలేదు. విశాఖపట్నంలో పరీక్షలు చేసి కేన్సరని చెప్పారు. అన్నకూ నాకూ చెప్పారు. అమ్మను బయట బల్ల మీద కూర్చోబెట్టారు.

"అమ్మకి సెప్పకే. ఆ మాటింటే తిండి మానేస్తాది. ముదిరిన పుండందాం," అన్నాడు అన్న.

"రేపు నోరు కోసినాక ఏటంటావు?"

"అప్పుడు సూద్దాం."

ఆపరేషన్‌లో అంగిలి ఒక పక్కంతా ఎముకతో సహా తీసేశారు. అక్కడ పడిన కంత నోటికీ ముక్కుకీ మధ్య తలుపు తీసినట్టు ఉంటుంది. దాన్ని మూయడానికి ప్లాస్టిక్ ప్లేటు పెట్టారు. ఈ సంగతి నేనిప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను గానీ, అప్పుడు మాకు ఎవరూ ఇలా చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ చేతిలో పెట్టి, మెత్తటి తిండి పెట్టండి, నోరు శుభ్రంగా ఉంచండి అన్నారు. అంతే.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత ఒక పొద్దున అమ్మ గంజి తాగుతుంటే సగం ముక్కులోంచి కారిపోయింది. ఆమె గ్లాసు కింద పెట్టి మా ముఖాలు చూసింది. అన్న ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఎవరో ఎత్తి, ఆగమని, ఇంకెవరికో కలిపారు. అక్కడ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మొదటివాళ్ళు కూడా ఎత్తలేదు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. పిన్ని వంకాయ మాన్పించమంది. బావ ఏదో ఆకు పసరు తెచ్చాడు. పంచదార తింటే ప్రాణం పోతుందని ఎవరో వీడియో పంపారు. ఊరందరికీ కేన్సర్ గురించి తెలుసు. అమ్మ నోట్లోని ప్లేటు బయటికి తీయొచ్చో లేదో మాత్రం ఒక్కరికీ తెలియదు. అది కుట్టేసి ఉంటుందని అన్న, కాదని నేను. వేలు పెట్టి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు. చివరికి నోరు వాసన వేయడం మొదలైంది. అమ్మ తువ్వాలు అడ్డం పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడడం మానేసింది.

ఆమదాలవలసలో రైలెక్కి మళ్ళీ విశాఖపట్నం వెళ్ళాం. కుర్ర డాక్టరు అమ్మ నోట్లో లైటు వేసి చూసి, అన్న వైపు తిరిగి, "శుభ్రం చేయడం లేదు మీరు," అన్నాడు.

"ఎలా చేయాలండీ?" అన్నాను.

"డిశ్చార్జిలో చెప్పలేదా?"

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోగా అమ్మ తువ్వాలు తీసింది. మాట సగం ముక్కులోంచి వస్తోంది.

"బాబూ, నాతో సెప్పండి. నోరు నాది. నాకేటొచ్చింది?"

"పుండేనమ్మా," అన్నాడు అన్న.

"నువ్వుండరా. నాను బాబునడుగుతన్నాను."

డాక్టరు కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. "కేన్సరమ్మా. ఆపరేషన్ చేసి తీసేశాం. కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలి ఇంకా."

అమ్మ తల ఊపింది. "వార్డులో అందరికీ అదే అయితే నా ఒక్కదానికి పుండెలాగవుతాది? అది తెల్సు. గంజి ముక్కులోంచి ఎందుకొస్తన్నాది, అది సెప్పండి."

ఆయన మమ్మల్ని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాడు. ఆవిడ అమ్మ చేతికి అద్దమిచ్చి, ప్లేటు ఎలా తీయాలో, తిన్నాక బ్రష్‌తో ఎలా కడగాలో, మళ్ళీ ఎలా పెట్టుకోవాలో చేయించింది. కోసిన గాయం మానేకొద్దీ కంత ఆకారం మారుతుందని, ప్లేటు వదులైతే వచ్చి సరిచేయించుకోవాలని చెప్పి, అంచుకు ఏదో మైనంలాంటిది పూసి బిగించింది. అమ్మ నీళ్ళు తాగింది. ముక్కులోకి చుక్క రాలేదు. నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. మొదటిరోజే ఈ కాసేపు మాకిచ్చి ఉంటే, ఆమె అన్నాళ్ళు ముఖం కప్పుకుని కూర్చునేది కాదు.

తిరుగు రైల్లో అన్న కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "నీకూ భయమే కదరా. ఇద్దరం దాసుకుంటే ఏటొస్తాది," అంది. అన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

తర్వాత కరెంటు పెట్టారు. గాయం మానింది, కేన్సర్ మళ్ళీ కనిపించలేదంటున్నారు. కానీ నోరు ఎండిపోయింది. అన్నం ముద్ద దిగాలంటే పక్కన నీళ్ళు ఉండాల్సిందే. ఇలా ఎండిపోతుందని కూడా ముందు ఎవరూ చెప్పలేదు. లాలాజలం ఎప్పటికి ఊరుతుందని అడిగితే ఒకరు కొన్ని నెలలన్నారు, ఇంకొకరు పూర్తిగా ఊరకపోవచ్చన్నారు. ఇప్పుడు అమ్మ ఎవరి కోసమూ ఆగదు, తనే అడుగుతుంది. కొందరు చెబుతారు. మొన్న ఒక డాక్టరు ఫైలులోంచి తలెత్తకుండానే, "మీవాళ్ళనెవరినైనా పిలవండి," అన్నాడు. అమ్మ కదలకుండా అలాగే కూర్చుంది. ఆయన తర్వాతి పేరు పిలిచాడు.