లైటు కాస్త కిందికి, అమ్మా

మూడు వారాల కిందట ఒక పొద్దున్న పిన్ని ఫోన్ చేసి, "బాబాయి వెళిపోయేరే" అంది. నిద్రలోనే పోయారట. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి నాలుగేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మాకు చుట్టరికమేమీ లేదు. ఈ హిందీ ఊళ్లో, ఉక్కు ప్లాంటు వాళ్ల కాలనీ రుఆబాంధాలో పక్కపక్క క్వార్టర్లు, ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు, అంతే. ఆ మాత్రానికే ఆయన నాకు బాబాయి, ఆవిడ పిన్ని. ఆయన ప్లాంటులో కొలిమి వేడి చూపించే మీటర్లు బాగుచేసేవారు. రిటైరయ్యాక చేతులు ఊరుకోక మోటారుసైకిళ్ల మీద పడ్డారు. కొత్త బళ్లన్నిటికీ సెన్సర్లు వచ్చేసరికి మెకానిక్కులు కూడా ఆయన వరండాకే వచ్చేవారు. "అంకుల్, ఇంజన్ కీ బత్తీ జల్ రహీ హై" అంటూ, మీటరులో ఇంజను దీపం ఆరడంలేదని ఎవరైనా కంగారుగా వస్తే, ఈయన తాపీగా పాత పేపరు పరిచి, టీ తాగుతూ, "కల్ క్యా కియా?" అని అడిగేవారు. మనవాళ్లయితే "నిన్న ఏటి చేసేవు?" అని. వాన నీళ్లలో దిగానని ఒకడు, హారన్ మార్చానని ఇంకొకడు ఒప్పుకునేదాకా పానా పట్టేవారు కాదు.

"బండి ఊరికే పాడవదమ్మా. నిన్న ఏదో జరిగుంటాది" అనేవారు.

నేను హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీస్తాను. సాయంత్రం లారీల మధ్య మోటారుసైకిల్ మీద ఇంటికి రావాలి. ఒక్క లారీవాడూ లైటు దించడు. ఒళ్లు మండి, ఒకరోజు నేనే తెల్లటి ఎల్‌ఈడీ బల్బు కొని, బాబాయిని అడక్కుండా, వైరు దొరికినచోట కలిపి బిగించేసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో రోజు చీకటి పడే వేళ, మా కాలనీ సెక్టారు మలుపులో, ఎదురుగా వస్తున్న సైకిలాయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్క కాలవలోకి పోయాడు. చూశాను. ఆగలేదు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాక అమ్మ చెప్పింది, బాబాయి ఆ మలుపులోనే సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారని.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. కుడిచేతికి కట్టుతో వరండాలో కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరవకముందే, "బ్రేకు పట్టలేదమ్మా" అన్నారు. "అవునుగానీ, నీ బండి పెట్రోలు కంపు మా ఇంటిదాకా వస్తంది, ఏటది? తే ఇలగ."

ఆవేళ పనంతా నా చేతులతోనే చేయించారు. నేను బల్బుకి కలిపిన ఎర్తు వైరు, ఇంజను వేడి చెప్పే సెన్సరుది. లైటు వేస్తే చాలు, సెన్సరు లెక్క తప్పి ఇంజను చల్లగా ఉందంటోంది. లోపలి కంప్యూటరు పాపం ఆ మాట నమ్మి పెట్రోలు కుమ్మరిస్తోంది. బాబాయి పడీపడీ నవ్వారు.

"బయట మే నెల ఎండ. నీ ఇంజనుకి చలేస్తందట, దుప్పటి కప్పుదుమా?" అన్నారు. "సెన్సరు మంచిదేనమ్మా. దాని నోట్లో అబద్ధం పెట్టింది మనం."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వైరు విడదీసి, బల్బుకి వేరే ఎర్తు ఇచ్చి కలిపాను. ఒక్క బల్బే మారిస్తే వెలుగు చెదిరి పైకి కొడుతుందని, అద్దంతో సహా వేరే లైటు తెప్పించి పెట్టించారు. గోడ మీద సుద్దతో గీత గీసి, వెలుగు దాన్ని దాటకుండా ఎలా దించాలో చూపించారు.

"లైటు కాస్త కిందికి, అమ్మా. మనకి రోడ్డు కనబడితే చాల్దేటి? ఎదరోడి మొహం మనకెందుకు?"

ఇన్ని చెప్పినాయన, అందరినీ అడిగే ఆ ఒక్క ప్రశ్న నన్ను అడగలేదు. అడిగుంటే చెప్పేసేదాన్ని. అడగలేదు కదా అని నేనూ ఊరుకున్నాను, పిరికిదాన్ని. ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆ వరండాలోనే గడిచాయి. కట్టు విప్పాక కూడా ఆయన వేళ్లు పూర్తిగా ముడుచుకునేవి కావు. చిన్న స్క్రూలు నేనే తిప్పేదాన్ని. తిప్పిన ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామనుకునేదాన్ని. ఇవాళ సెక్టారులో కొందరు లైటు సరిచేయించుకోడానికి నా దగ్గరికి వస్తున్నారంటే ఆయన చలవే.

దినాలయ్యాక, పిన్ని ఒక్కతే ఉన్నప్పుడు చెప్పేశాను. "పిన్నీ, ఆవేళ ఆ లైటు నాదే."

"తెలుసే" అంది పిన్ని. "నీ బండి చప్పుడు ఆయనకి తెలీదేటి? హాస్పటల్లోనే చెప్పేరు. ‘అడిగితే పిల్ల సిగ్గుపడి మరి మనింటికి రాదు, నువ్వూ అడక్కు’ అన్నారు. నువ్వు వస్తావో రావో అని తెల్లార్లూ పడుకోలేదే."

నాలుగేళ్ల కిందటి ఆ పొద్దున్న నేను వాళ్ల గేటు గడియ మీద చెయ్యి వేసి, తియ్యాలో వెనక్కి పోవాలో తేలక చాలాసేపు నిలబడ్డాను. గోరింట కంచెకి అవతల, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆ గడియ ఎప్పుడు చప్పుడవుతుందా అని ఆయన కూర్చుని ఉన్నారు.