మూడో అంకానికి అడిగిన చీర

ఈ రోజు మధ్యాహ్నం, మా ఊళ్లో ఆడుతున్న నాటకంలో ఆడవేషం కట్టే అతను చీర అడగడానికి ఆళ్లగడ్డలోని మా ఇంటికి వచ్చాడు. మా అత్త పెట్టె తెరిచి పట్టుచీర తీసి ఇచ్చింది. అతను వద్దన్నాడు.

"పట్టుది మొదటి అంకానికి ఉండాదమ్మా. మూడో అంకంలో మొగుడు ఊరికి పోయి రాడు. ఆ దిగులంతా కోకలోనే కనపడల్ల." తలుపు పక్కన నిలబడిన నన్ను చూపించి, "ఆ యమ్మ కట్టుకుండాదే, అట్లాంటిది కావల్ల," అన్నాడు.

అత్తకు కోపం వచ్చింది. "ఏం మాటలప్పా అవి? నా కొడుకు నంద్యాల పత్తి మిల్లులో పని చేస్తాండాడు!"

అతను నాలుక కరుచుకున్నాడు. మా ఆయన ఉగాదికి వచ్చి పోయాడు, మళ్లీ రాలేదు. ఆయన వస్తే కట్టుకుందామని దాచుకున్న ఎర్రచీర కట్టుకుని, విడిచిన ఆ వెలిసిన చీర మడిచి అతనికి ఇచ్చేశాను.

సాయంత్రం అత్త నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, వాడేమన్నా వస్తాండాడా?" అంది. లేదని తల ఊపాను.

నాటకంలో ఆమె మొగుడు చివరికైనా వస్తాడా అని అతన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. మీలో ఎవరైనా ఆ నాటకం చూసి ఉంటే చెప్పండి.