ఎండిందని రాయించిన బోరు

మా ఊళ్లో బోరు గురించి ఎవరడిగినా నిజం చెప్పకూడదు. ఎక్కడా రాసిపెట్టిన చట్టం కాదిది, కానీ చట్టం కన్నా గట్టిది. "బోరు ఎట్లుండాదప్పా?" అని ఎవరైనా అడిగితే, రెండించుల నీళ్లు ధారగా దూకుతున్నా సరే, ముఖం వేలాడేసి "యాడప్పా, గ్యాపిస్తాంది" అనాలి. కాసేపు పోసి ఆగిపోతోందని దానర్థం. ఉన్నాయని చెబితే దిష్టి తగులుతుంది, అదొక భయం. అసలు భయం వేరే. నీళ్లు పడ్డాయని తెలిస్తే పక్క చేనువాడు గట్టు పక్కనే బోరుబండి పెట్టించి మనకన్నా లోతుకు దింపుతాడు, మన నీళ్లు వాడి బోరులోకి పోతాయి. అందుకని అందరూ అబద్ధమే చెబుతారు. ఎదుటివాడు చెప్పేది అబద్ధమని అందరికీ తెలుసు. ఎంత అబద్ధమో మాత్రం ఎవరికీ తెలియదు.

బుక్కరాయసముద్రం దాటి తాడిపత్రి దారిలో పోయి, లోపలికి తిరిగితే మా ఊరు. నాకు అన్నదమ్ములు లేరు. పెళ్లయ్యాక మా ఆయనే మా ఇంటికొచ్చాడు. లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. నాయనకు మోకాళ్లు పోయాయి. కాబట్టి తోట నాదే, చాకిరీ నాదే, తిట్లూ నావే. నాలుగెకరాల చీనీ తోట, బత్తాయి చెట్లన్నమాట. నాయన ఆరు బోర్లు వేయించి ఆరింట్లోనూ దుమ్ము చూశాక ఏడోదాంట్లో నీళ్లు పడ్డాయి. ఆ ఒక్క బోరు మీదే మా చెట్లు, మా తిండి, మా పాప కాలేజీ చదువు నిలబడి ఉన్నాయి. అది పోతే మాకు ఇంకోటి వేయించే శక్తి లేదు.

అలాంటి ఊళ్లోకి చమురు సర్వే వచ్చింది.

మొదట అందరం నవ్వుకున్నాం. మా జిల్లాలో నూనె అంటే శెనక్కాయ నూనే. "ఈ రాళ్లలో పెట్రోలంట, తాగే నీళ్లే లేవు గదప్పా" అని రచ్చకట్ట మీద ఒకటే ఎగతాళి. తర్వాత నవ్వులు తగ్గాయి, వాదాలు మొదలయ్యాయి. టీవీలో రోజూ అదే గొడవ. పరాయి దేశాల ముందు ఇంకెన్నాళ్లు చేయి చాస్తాం, మన నేలలోనే తవ్వుకోవాలని ఒకాయన అరిచేవాడు. నేల నాశనమైపోతుందని ఇంకొకాయన అంతకన్నా గట్టిగా అరిచేవాడు. మా ప్రాంతం నాయకుడొకాయన ఎన్నికల ముందు "ఒక్క గుంత తవ్వనియ్యను" అన్నాడు, గెలిచాక "అభివృద్ధికి అడ్డు పడొద్దు" అన్నాడు. ఓడినాయన ముందు "చమురొస్తే మన బతుకులు మారిపోతాయి" అన్నాడు, ఓడాక నల్లజెండా పట్టుకున్నాడు. ఇద్దరూ సిగ్గు పడినట్టు నేనైతే చూడలేదు.

మా ఇంట్లోనూ రెండు పార్టీలే. మా ఆయన లారీ దిగి అన్నానికి కూర్చుంటే చాలు, మొదలు. "డీజిలు కొట్టించుకునేటోనికి తెలుస్తాది మామా ఆ బాధ. మన నేలలో ఉంటే మనం తీసుకోవల్ల, తప్పేముండాది?" అనేవాడు.

నాయన తొందరపడి జవాబు చెప్పే మనిషి కాదు. ముద్ద మింగి, నీళ్లు తాగి, అప్పుడు అనేవాడు. "మన నేలలో నీళ్లుంటే మనమే తీసుకున్యాం గదా అల్లుడా. యాడుండాయి ఇప్పుడు?"

నేను ఎటూ మాట్లాడేదాన్ని కాదు. డీజిలు తగ్గితే బాగుండుననిపించేది. నేలను తవ్వుతారంటే గుండె జారేది. రెండూ నిజమే.

సర్వే మనిషి మా తోటకు వచ్చిన రోజు కరెంటు ఇంకా రాలేదు, మోటరు ఆగి ఉంది. నెత్తిన టోపీ, చేతిలో రిజిస్టరు. కోస్తా మాట. "అమ్మా, ఈ బోరు పనిచేస్తోందా?" అని అడిగాడు.

రిజిస్టరు పట్టుకుని బోరు గురించి అడిగినవాణ్ని మేం నమ్మం. మీటరు పెడతారో, పర్మిషను ఏదంటారో ఎవరికి తెలుసు? ఆలోచించనైనా ఆలోచించలేదు. నోరు తనంతట తానే తెరుచుకుంది. "ఎండిపోయి రెండేండ్లయింది సార్. చెట్లకు ట్యాంకరు తోలిస్తాండాం" అన్నాను. ఆయన రాసుకున్నాడు. బోరుకు ఇరవై అడుగుల దూరంలో ఒక కట్టె దిగగొట్టి, దానికి ఎర్ర గుడ్డ కట్టి పోయాడు. ఇంటికొచ్చి నాయనకు చెబితే "మంచి పని చేసినావు పాపా" అన్నాడు. నాకూ గొప్పగానే అనిపించింది.

మూడో రోజు పొద్దున చూస్తే, అవతలి చేనులో పాతిన అలాంటి కట్టెనే పీకి చాలా దూరం తీసుకెళ్లి పాతుతున్నారు. ఎందుకని అడిగాను. అక్కడున్న కూలాయన చెప్పాడు. కట్టె పాతిన చోటల్లా సన్నటి గుంత వేసి, అడుగున మందు పెట్టి పేలుస్తారట. ఆ అదురు నేలలోకి దిగి వెనక్కి వస్తే, దాన్ని బట్టి కింద చమురుందో లేదో మిషన్లు చెబుతాయట. "నీళ్లున్న బోరుకు దగ్గర్లో పేల్చకూడదంట అక్కా. అందుకే దూరం జరుపుతాండాం. ఎండిన బోర్లకైతే ఆ లెక్క లేదు" అన్నాడు.

వెనక్కి తిరిగి మా తోటలోని ఎర్ర గుడ్డ వైపు చూశాను.

ఆ అదురుకు బోరు పోతుందా అంటే ఏమో, ఇప్పటికీ నాకు తెలియదు. ఏమీ కాదని సర్వేవాళ్లు అన్నారు. ఫలానా ఊళ్లో బోరు బురద కక్కి ఆగిపోయిందని మావాళ్లు అన్నారు. ఆ ఫలానా ఊరు ఏదంటే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. కానీ ఆ వారంలోనే పక్క ఊరి పొలాల్లో పేల్చారు. అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. దుమ్మని ఒక దెబ్బ నేలలోంచి వచ్చి అరికాళ్లకు తగిలింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. అంత దూరంలో పేలిస్తే ఇక్కడ గిన్నెలు కదిలాయి, ఇరవై అడుగుల్లో పేలిస్తే ఆరువందల అడుగుల లోతున ఆ సన్నటి నీటి జాడ ఏమైపోతుంది? ఆ రోజు నుంచి మోటరు వేసిన ప్రతిసారీ, నీళ్లు పైకొచ్చేదాకా పైపు మీద చెయ్యేసి నిలబడేదాన్ని.

ఆ పేలుడు మరుసటి రోజే పరుగెత్తుకుంటూ సర్వే మనిషి దగ్గరికి పోయాను. "తప్పు చెప్పినా సార్, బోరులో నీళ్లుండాయి" అన్నాను. ఆయన కోప్పడలేదు. విసుక్కున్నాడు. బోర్ల పట్టిక పైకి పంపేశామని, మార్చాలంటే శుక్రవారం గ్రామసభలో అందరి ముందూ చెప్పాలని అన్నాడు. "పక్క పొలం రైతు సాక్షి సంతకం కూడా పెట్టాలమ్మా" అన్నాడు.

పక్క పొలం చిన్నాయనది.

నాయనకు వరసకు తమ్ముడు. నన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని ఎద్దుల పరుషకు, ఆ జాతర చూపించడానికి, తీసుకుపోయిన మనిషి. ఆయనకూ మా తోటను ఆనుకునే చీనీ తోట ఉండేది. పోయిన ఎండాకాలం ఆయన బోరు నిజంగానే ఎండిపోయింది. ఒకరోజు పొద్దున్నే మా గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. "పాపా, ఒక్క నెల పైపు ఏసుకోనిస్తావా? వానలు పడితే చెట్లు తేరుకుంటాయి" అన్నాడు. నేనేం చెప్పానో తెలుసు కదా. "యాడ చిన్నాయనా, గ్యాపిస్తాంది. మాకే ట్యాంకరు తోలిస్తాండాం" అన్నాను.

ట్యాంకరు తోలించిన మాట నిజమే. వారానికొకటి తెప్పించేవాళ్లం. అందరూ చూడాలని పట్టపగలు, ఊరి మధ్య నుంచి రప్పించి తోటలో దించేవాళ్లం. మా బోరు నీళ్లు డ్రిప్పు పైపుల్లో చప్పుడు లేకుండా పోతుండేవి. చిన్నాయన ఇంకేమీ అడగలేదు. రెండు నెలలకు ఆయన చెట్లు నిలువునా ఎండి, వంటచెరకుకు కొట్టించాడు. కొట్టిన రోజు నేనే సంగటి, ఊరిబిండి పచ్చడి కట్టుకుపోయి ఆయనకు పెట్టాను. తిని, "నీ చేతి సంగటి మీ అమ్మ చేసినట్లే ఉండాది పాపా" అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడిస్తే ఏమొస్తుంది? మరుసటి రోజు మళ్లీ మోటరు వేశాను.

ఇప్పుడు ఆ చిన్నాయనే ఊళ్లో తవ్వకాలకు అందరికన్నా ముందు నిలబడ్డాడు. "నా చేనులో ఇంకేముండాది పోయేదానికి? తవ్వనీ. నా కొడుక్కి వాచ్‌మన్ పనన్నా ఇస్తారు" అంటూ తిరిగేవాడు. ఆయన ముందు లేచి, మా బోరులో నీళ్లున్నాయని, ఎప్పుడూ ఉన్నాయని చెప్పాలి. పైగా దానికి ఆయన చేతే సంతకం పెట్టించుకోవాలి. నా శత్రువుకైనా ఇలాంటి శుక్రవారం రాకూడదు.

మా ఆయనకు ఫోను చేస్తే "చెప్పేయ్ మే, బోరు పోతే యాం తింటాం?" అన్నాడు. నాయన మాత్రం వద్దంటే వద్దన్నాడు. "పేలితే పేలనీ పాపా. ఏమీ కాదులే. వాని ముందర నా పరువు తీయొద్దు" అన్నాడు. అప్పుడు నాకర్థమైంది, ఆయనకు బోరు పోతుందన్న భయం కన్నా చిన్నాయన చూపు మీద భయం ఎక్కువ. నాకు రెండూ సమానంగా ఉన్నాయి.

సభ బడి ఆవరణలో పెట్టారు. గెలిచినాయన మనుషులు ఒక పక్క, ఓడినాయన మనుషులు ఇంకో పక్క. దేశం, అభివృద్ధి, ద్రోహం అని మైకులో అరుపులు. కుర్చీలు విసిరేసుకునే దాకా వచ్చింది. పోలీసులు సర్ది కూర్చోబెట్టాక, ఆఫీసరు పట్టిక చదవడం మొదలుపెట్టాడు. మా సర్వే నంబరు వచ్చింది. "బోరు ఎండినది. అభ్యంతరాలున్నాయా?"

నాయన నా కొంగు పట్టుకుని లాగాడు. "గమ్మునుండు" అని గొణిగాడు. నేను లేచాను. "ఎండలేదు సార్. నీళ్లుండాయి. రెండించులు" అన్నాను.

అంతసేపూ ఒకరి మీదొకరు అరుచుకున్నవాళ్లంతా నా వైపు తిరిగారు. మా ఊళ్లో ఒక మనిషి తన బోరులో నీళ్లున్నాయని నలుగురిలో చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. ఎవరో "ఓయబ్బ!" అన్నారు. ఆఫీసరు పక్క రైతు ఎవరని అడిగాడు. చిన్నాయన లేచాడు.

"ఎప్పట్నుంచి ఉండాయి నీళ్లు?" అని అడిగాడు. ఆఫీసరును కాదు, నన్ను.

"ఎప్పుడూ ఆగలేదు చిన్నాయనా" అన్నాను. అబద్ధం చెప్పడానికి ఇంకా సందు ఉండింది. వర్షాలకు ఊరాయని అనొచ్చు. నోరు రాలేదు.

ఆయన తల ఊపాడు. "చూడకుండా సంతకం పెట్టను. ఆయమ్మే ఎండిందని రాయించింది, ఆయమ్మే ఉండాయంటాంది. ఏది నిజమో కండ్లతో చూడల్ల" అన్నాడు. తప్పేమీ లేదు ఆ మాటలో.

సగం ఊరు తోటకు నడిచింది. కరెంటు ఉంది. డ్రిప్పు పైపు ఊడదీసి స్టార్టరు నొక్కాను. ఆ రెండు క్షణాలు ఏం కోరుకున్నానో చెప్పడానికి నాకే సిగ్గు. నీళ్లు రావాలని ఒక పక్క, రాకపోతే బాగుండునని ఒక పక్క. నీళ్లు వచ్చాయి. దబదబా తొట్టిలోకి పడ్డాయి, చిన్నాయన పంచె తడిసింది. ఆయన వంగి దోసిలి పట్టాడు. నోట్లో పోసుకుని, పుక్కిలించకుండా మింగాడు. ఇంకో దోసిలి పట్టి, తాగకుండా అలాగే చూసి వదిలేశాడు. తడి చేతిని తుండుకు తుడుచుకుని, ఆఫీసరు దగ్గర పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

జనం వెళ్లిపోయారు. సర్వేవాళ్లు ఎర్ర గుడ్డ కట్టెను పీకారు. దూరం కొలుచుకుంటూ పోయి, గట్టు దాటించి, చిన్నాయన చేనులో పాతారు. అక్కడ నీళ్ల బోరు లేదు, చెట్లు లేవు, కొట్టేసిన మొద్దులే ఉన్నాయి. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయన కూడా చెప్పలేదు. మా బోరు బతికింది.

ఆయన గట్టు దిగుతుంటే వెనకాలే పోయాను. తిడతాడని, కొట్టినా కొడతాడని భయం. ఆ రెంటిలో ఏదో ఒకటి చేస్తే బాగుండునని ఆశ. "చిన్నాయనా, రేపట్నుంచి పైపు ఏసుకో. ఎన్ని నీళ్లు కావాలన్నా పెట్టుకో" అన్నాను.

ఆయన ఆగి తన చేను వైపు చూశాడు.

"దేనికి పెట్టల్ల పాపా?" అన్నాడు.

వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు.