వెలిసిపోయిన అంకెలు

గ్రేటర్ నోయిడాలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో కుందేళ్ళ చెవుల మీద అంకెలు రాయడం నా పని. పశువులకొచ్చే ఒక హెర్పిస్ వైరస్‌కి కొత్త టీకా పరీక్షిస్తున్నాం. సగం కుందేళ్ళకి టీకా, మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. తర్వాత రక్తం తీసి, వైరస్‌ని ఎదిరించే యాంటీబాడీలు వేటిలో పుట్టాయో చూడాలి. మార్కర్ రాత చెరిగిపోతుంది కాబట్టి మూడు రోజులకోసారి మళ్ళీ దిద్దాలి.

ఒకసారి జ్వరమొచ్చి వారం రోజులు హాస్టల్లోనే పడున్నాను. తిరిగొచ్చేసరికి చాలా అంకెలు మసకబారాయి. రెండు కుందేళ్ళ చెవుల మీదైతే అసలేమీ లేదు. వాటిని చూసుకునే భయ్యా బోనులు కడిగి మళ్ళీ లోపల పెట్టాడట.

"కౌన్ కిస్‌మే థా, యాద్ నహీ దీదీ," అన్నాడు.

ఏది ఎందులోదో గుర్తులేదనేసరికి అతని మీద ఇంతెత్తున లేచాను. పైగా నాకు పొగరు. ఆ రెండిట్లో చెయ్యి చాపితే దగ్గరికొచ్చేది ఉప్పునీళ్ళది, మూలకి నక్కేది టీకాది. రోజూ చూసేవాటిని ఆమాత్రం పోల్చుకోలేనా అనుకుని అన్నిటికీ అంకెలు దిద్దేశాను.

రక్తపరీక్షలో నేను ఉప్పునీళ్ళదన్న కుందేలుకి బోలెడు యాంటీబాడీలు. టీకాదన్న కుందేలుకి సున్నా.

"ఏందమ్మా, ఉప్పునీళ్ళకి ఇంత బలముందా?" అని మా గైడ్ మేడమ్ నవ్వింది. ఆవిడది గుంటూరు.

తేలు కుట్టిన దొంగలా రెండు రోజులు నోరు మెదపలేదు. చెబితే ఇన్ని ప్రాణాలూ వృథా. ప్రయోగం ముగిశాక వాటిని ఎలాగూ చంపేస్తారు, మళ్ళీ అన్ని కొత్తవి తేవాలి. చెప్పకపోతే తప్పుడు ఫలితం పశువులదాకా పోతుంది. చివరికి చెప్పేశాను.

"ఆ రెండే తారుమారయినయ్యని నీకెట్లా తెలుసు? మిగతావి కూడా నువ్వు దిద్దినవేగా?" అంది మేడమ్.

ఆ వారమే అన్నిటినీ చంపేశారు. ఏది ఏదో మళ్ళీ తేల్చుకునేందుకు రక్తం కూడా ఎవరూ దాచలేదు.

కొత్త కుందేళ్ళ కోసం, జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీకి పెట్టే ఫారంలో, మళ్ళీ ఎందుకు కావాలో రాయమన్నారు. 'నా పొరపాటు' అని రాశాను. మేడమ్ దాన్ని కొట్టేసి 'సాంకేతిక కారణాలు' అని రాసింది.

"ఇక్కడ సంతకం పెట్టు," అంది.

వద్దని అనలేదు. సంతకం పెడుతుంటే గుండెల మీద బరువు దిగినట్టయింది. ఇప్పటికీ నాకు సిగ్గనిపించేది అందుకే.