పెద్దకయ్య ఒకటి, పెద్దకయ్య రెండు

మా ఇంజనీరింగ్ కాలేజీలో కంపైలర్ల పాఠం నాకెప్పుడూ భోజనాల తర్వాతి పీరియడ్‌లోనే పడుతుంది. పిల్లలు కళ్లు తెరుచుకునే నిద్రపోయే వేళ అది. వాళ్లను లేపడానికే ఒకరోజు మా పెద్దకయ్యను బోర్డు మీదికి లాగాను. మా వైపు వరిమడిని కయ్య అంటాం. విడవలూరు దగ్గర, సముద్రపు గాలి తగిలేచోట ఉన్న పొలం అది.

ప్రోగ్రాం రాసేవాడు ఒక పేరు పెట్టుకుని అందులో ఒక విలువ వేస్తాడు. కాసేపటికి అదే పేరులో ఇంకోటి వేస్తాడు. మొదటిది పోతుంది, ఎవరూ దానికోసం ఏడవరు. కంపైలర్ మాత్రం ఆ ప్రోగ్రామును యంత్రం భాషలోకి దించేముందు తన వాడకానికి ఒక మధ్యంతర రూపం రాసుకుంటుంది. అందులో ఒక పేరుకు ఒక్కసారే విలువ ఇవ్వాలి. విలువ మారిందా, పేరు పక్కన కొత్త నంబరు పడుతుంది.

'పెద్దకయ్య ఒకటి' అని రాసి, వరి అన్నాను. 'పెద్దకయ్య రెండు' అని రాసి, రొయ్యలు అన్నాను. క్లాసులో సగంమంది రొయ్యల గుంటల ఊళ్లవాళ్లే, నవ్వారు. రెండోది వచ్చినా ఒకటోది చెరిగిపోదని, కింద ఎక్కడైనా వరి కావాలంటే ఒకటో నంబరు రాస్తే చాలని చెప్పాను. భలే చెప్పానని నాకే ముచ్చటేసింది.

పొలం దగ్గర అంత సులువుగా లేదు. మా అన్న ఆ కయ్యను చాలాకాలం వరికే ఉంచాడు. చుట్టూ ఒక్కొక్కరే గుంటలు తవ్వి ఉప్పునీళ్లు పెట్టారు. ఆ ఉప్పు గట్ల కిందుగా మా కయ్యలోకి ఊరింది. ఏటికేడు గింజ తగ్గి తాలు మిగిలింది. చివరికి నలుగురితో నారాయణా అని అన్న కూడా పొక్లెయిన్ పిలిపించాడు. మొదట్లో రొయ్య బాగానే పెరిగింది. తర్వాత తెల్లమచ్చ తెగులు తగిలి, గట్టు పొడుగునా చచ్చి తేలింది.

ప్రోగ్రాములో దారులు చీలి మళ్లీ కలిసేచోట కంపైలర్ ఒక గుర్తు పెడుతుంది. ఏ దారిన వచ్చావో చూసుకుని ఆ విలువే తీసుకోమని దాని అర్థం. పక్కవాళ్లు తవ్వని దారి ఒకటి ఉండేదని పాఠం చెబుతూనే అనుకుంటాను. మేం ఆ దారిన రాలేదు.

ఈ ఏడు అన్న గుంటను పూడ్చి మళ్లీ కయ్య చేశాడు. ఉప్పు కడిగేందుకు కాలవ నీళ్లు నిలగట్టి వదిలేశాడు, మళ్లీ నిలగట్టాడు. జిప్సం చల్లాడు, పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ పెంచి కలియదున్నాడు. ఇదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఊళ్లో అన్నారు. "ఉప్పు తిన్న నేల గదరా, నీళ్లు తాగాల" అని నాతో అన్నాడు తను. లాభం మాట ఎత్తలేదు. ఆ కయ్య బియ్యం ఇంట్లో ఇంకొక్కసారి ఉడికితే చాలన్నాడు. ఆ అన్నం గంజి వార్చేటప్పుడు వచ్చే వాసన నాకూ గుర్తుంది. పోతుందని తెలిసుంటే ఇంకాస్త నిదానంగా తినేవాణ్ణి.

నాట్లు వేశాక ఒక ఆదివారం ఉదయం ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. పైరు వంక చూడలేక కాబోలు, కాలేజీలో పిల్లకాయలకు ఏం చెబుతున్నావని అడిగాడు. చెప్పాను. తన కయ్య బోర్డెక్కిందని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అయితే పాతది యాడికీ పోదా?" అన్నాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పిల్లలకు ఆ రోజు చెప్పకుండా వదిలేసిన ముక్క ఒకటుంది. కింద ఎవరూ వాడని విలువను కంపైలర్ ఉంచుకోదు. దండగని కొట్టేస్తుంది. "ఎవరో ఒకరు అడగతా ఉంటేనే అన్నా, ఉంచేది" అన్నాను.

అన్న కయ్యలోకి దిగి ఒక మొక్కను వేలితో పైకెత్తి చూశాడు. కొస ఎర్రబడి ఎండిపోయింది. దాని పక్కదీ అంతే. గట్టు దాకా అంతే. దాన్ని మెల్లగా వదిలేసి, నావైపు తిరక్కుండానే అన్నాడు.

"నేను అడగతా ఉండాను గదరా."