చెలమ మీదికి

మా చెరువు నిండి, అలుగు మీంచి నీళ్ళు పొర్లి మొరవ పోయిందని తెలిసిన రోజు అమ్మను కట్ట మీదికి తీసుకెళ్ళాను. మాది పుంగనూరు పక్కన చిన్న ఊరు. కట్ట మీద తిరునాళ్ళలాగా జనం. అందరూ నీళ్ళను ఫోన్లలో పట్టుకుంటుంటే అమ్మ మాత్రం చెరువు నడుమ ఒకే చోటుకేసి చూస్తూ నిలబడింది. కాసేపటికి చెయ్యి చాపి చూపించింది.

"ఆడికి పోవాల అమ్మీ. మన చెలమ ఉండిన చోటికి."

చెలమంటే ఎండిన చెరువు అడుగున ఊట నీళ్ళ కోసం తవ్వుకునే గుంట. నా చిన్నతనంలో ఆ చెరువుకు నిండడం తెలియదు. బోర్లు కూడా చేతులెత్తేసిన వేసవుల్లో ఊరి ఆడవాళ్ళు చెరువు మధ్యకు నడిచి వెళ్ళి, ఇసుక తోడి, నీళ్ళు ఊరేదాకా కాచుకొని కూర్చునేవాళ్ళు. అమ్మ గుంట అంచున బోర్లా పడుకొని, కొబ్బరి చిప్ప పట్టుకున్న చెయ్యి భుజం దాకా లోపలికి దించేది. నేను బిందె పక్కన నిలబడి "అందిందా మా?" అని ప్రాణం తీసేదాన్ని. "అందలా. ఉండు," అనేది. చాలాసార్లు అదే జవాబు.

ఆమె కోరిక విని నవ్వేసి ఊరుకున్నాను. డెబ్బై దాటిన మనిషి, పడవ అనేదాన్ని టీవీలో తప్ప చూసి ఎరగదు. నా సంగతీ అంతకంటే గొప్పగా లేదు. రోజూ బస్సులో పోయి మదనపల్లెలో బడిపిల్లలకు సోషల్ చెప్తాను. నదుల పుట్టుకలు, ఉపనదులు నాలుక చివర ఉంటాయి కానీ, మోకాలు మునిగే నీళ్ళలో దిగిన పాపాన పోలేదు.

ఆ మాట మరుగున పడేదే. ఒక సాయంత్రం అన్నం తింటూ అమ్మ మామూలుగా చెప్పింది. "ఈ చెరువు నిండేది నా బతుకులో రెండోతూరి. మొదటితూరి నువ్వింకా పుట్టలేదు. మూడోది నేను సూడను." ఏడవలేదు, నిష్ఠూరం ఆడలేదు. మజ్జిగ పోసుకొని లేచిపోయింది.

అప్పటికే ఆదివారాలు కుప్పం నుంచి ఒకామె వ్యాను మీద తెడ్డుతో నడిపే సన్నటి కయాక్‌లు వేసుకొని మా చెరువుకు వస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నేర్చుకుందట. చెరువు ఒక మూల రెండు గుట్టల మధ్యకు చొచ్చుకుపోయి ఉంటుంది. అక్కడ గాలి తగలదు, నీళ్ళు కదలవు. కొత్తవాళ్ళకు అక్కడే నేర్పిస్తుంది. నేను పోయి ఇద్దరు కూర్చునే పడవ ఒకటి కావాలని, మా అమ్మను చెరువు నడుమకు తీసుకెళ్ళాలని అడిగాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ముందు నేను ఒంటరిగా ఆ మూల దాటి పెద్ద గుండురాయి దాకా పోయి ఆగకుండా తిరిగి రావాలంది. నీళ్ళలో పడి, ఎవరి సాయం లేకుండా మళ్ళీ పడవెక్కాలంది. ఆ రెండూ చేసి చూపించేదాకా ఇంకో ప్రాణాన్ని నా పడవలో కూర్చోనివ్వనంది.

ఇరవై ఏళ్ళుగా పరీక్షలు పెట్టేదాన్ని నాకే పరీక్ష పెడుతుందా అని ఒళ్ళు మండింది. అయినా లైఫ్ జాకెట్ తగిలించుకున్నాను.

మొదటి రోజు పడవ ముందుకు పోలేదు. ఎంత తెడ్డు వేసినా చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చేది. కాసేపటికి నా ఒళ్ళో, కాళ్ళ దగ్గర బకెట్టు నీళ్ళు చేరాయి. భుజాలు పీకేస్తున్నాయి. కుప్పం అమ్మాయి తన కయాక్‌ను పక్కకు తెచ్చి కాసేపు చూసి, "అక్కా, మీరు నీళ్ళు తోడతాండారు," అంది. "నీళ్ళను ఆడనే ఉండనీండి. తెడ్డును నీళ్ళలో నాటి, పడవను దాని దగ్గరికి లాగండి."

నిజమే. తెడ్డు దించిన ప్రతిసారీ నా చెయ్యి నీళ్ళను ఒడిసిపట్టి పైకి తెస్తోంది. పైగా ఒలికిపోకుండా మణికట్టు తిప్పి జాగ్రత్త పడుతోంది కూడా. చెలమ దగ్గర నేర్చుకున్న చెయ్యి అది. నీళ్ళు కనబడితే తోడుకోవడమే తప్ప, నీళ్ళను నీళ్ళలోనే వదిలెయ్యాలని దానికి ఎవరూ చెప్పలేదు. కట్ట మీద కూర్చున్న అమ్మ నవ్వుతోంది. ఒడ్డుకు రాగానే, అచ్చం తన మాదిరే తోడుతున్నానని, బిందె ఒకటి తక్కువైందని ఎగతాళి చేసింది.

ఆ వారమంతా ఇంట్లో కుర్చీలో కూర్చొని ఇల్లు తుడిచే మాప్ కర్రతో సాధన చేశాను. నాటు, లాగు. మా ఆయన పేపరు మడిచి, ఎక్కడిదాకా వచ్చాం, తిరుపతి దాటామా అని అడిగేవాడు. ఆ కర్రతోనే జవాబు చెప్పాలనిపించింది కానీ లయ తప్పుతుందని ఊరుకున్నాను.

పడవ మాట వినడం మొదలుపెట్టింది. పడి లేవడమే నా వల్ల కాలేదు. కావాలని పక్కకు ఒరిగి పడిపోవాలి. పడ్డాను. జాకెట్ పైకి తేల్చింది, ముక్కులో నీళ్ళు పోయాయి, దగ్గుతూ కాళ్ళు ఆడించాను. కింద ఏమీ తగల్లేదు. నాకు పుట్టిన భయం మునిగిపోతానని కాదు. ఆ నేల మీద నేను పరుగెత్తినదాన్ని, ఎండు బంకమట్టి పెళ్ళలు కాలితో తన్నుకుంటూ బిందె మోసినదాన్ని. కాళ్ళు ఆ నేలను వెతుక్కుంటున్నాయి, అది లేదు. కెవ్వుమన్నాను. ఆమె నన్ను జాకెట్ పట్టుకొని ఒడ్డుకు లాక్కొచ్చింది. కట్ట మీద నలుగురు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి ఆదివారమూ అంతే. ఈలోగా ఆయకట్టుకని తూము ఎత్తారు. అమ్మ రోజూ కట్ట దాకా నడిచి వెళ్ళి సమాచారం మోసుకొచ్చేది. నిన్న మునిగున్న బండ ఈ రోజు తేలిందట. తుమ్మచెట్ల కొనలు మూరెడు పైకి వచ్చాయట. నన్ను తొందర పెట్టడానికి కాదు, ఆమెకు అది తప్ప వేరే వార్త లేదు. నేను మాత్రం ప్రతి మాటకూ లోపల ఉడికిపోయేదాన్ని. ఈ చెరువు తగ్గేలోపు ఎక్కి తీరాల్సిందే అని పంతం పట్టాను. బడి వదిలాక మదనపల్లె బస్సు దిగి నేరుగా చెరువుకు పోయేదాన్ని. నా మొండితనం చూసి కుప్పం అమ్మాయి ఒక కయాక్‌ను మా ఊళ్ళోనే వదిలిపెట్టి, తానూ వీలైన సాయంత్రాలు వచ్చేది.

చివరికి కిటుకు చేతికి దొరికింది. కింద నేల కోసం కాళ్ళను వేలాడేస్తే పడవ నా వైపే ఒరుగుతుంది. కాళ్ళను వెనక్కి, నీళ్ళ పైకి తేల్చాలి. బోర్లా పడుకోవాలి. అలాగే పొట్ట మీద పడవలోకి పాకాలి. బోర్లా పడుకోవడం అనగానే నాకు అమ్మ గుర్తొచ్చింది. నేలను వెతకడం మానేసి కాళ్ళు ఆడించాను. పొట్ట గీసుకుపోయింది, మోచేయి చెక్కుకుపోయింది, కానీ పడవలో ఉన్నాను. గుండు దాకా పోయి వచ్చాను. నడిమధ్యలో భుజం వద్దంటున్నా ఆగలేదు. ఒడ్డుకు చేరితే కుప్పం అమ్మాయి, గాలి లేవకముందే, తెల్లవారగానే అవ్వను తెమ్మంది. తానూ వెనకే వస్తానంది.

అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, దాని మీద నారింజరంగు జాకెట్ వేసుకొని ముందు సీట్లో కూర్చుంది. కదలొద్దని చెప్తే ఊపిరి కూడా బిగబట్టింది. గుట్టల నీడ దాటాం. దారంతా ఆమే చెప్పింది. గుండు వెనక తుమ్మచెట్టు దాక్కునేదాకా పోవాలట, తర్వాత కట్ట మలుపుకేసి తిరగాలట. నాకు ఏ గుర్తూ లేదు. ఆమె చెయ్యి ఎటు చూపిస్తే అటు తెడ్డు నాటాను.

"ఈడనే," అంది.

తెడ్డు ఆపాను. పడవ కాస్త జారి నిలిచింది. అమ్మ పక్కకు చెయ్యి వేలాడేసింది. వంగే పని లేకుండానే వేళ్ళు మునిగాయి. చాలాసేపు అలాగే ఉంచింది. వెనక కూర్చున్న నాకు ఆమె ముఖం కనబడలేదు.

"అడుగెంత లోతుండాదో సూడు," అంది.

రెండు కొసలా రెక్కలున్న తెడ్డును నిలువుగా నీళ్ళలోకి దించాను. పై రెక్క దాకా మునిగింది. పడవ ఒరగకుండా పొట్ట ఆనించి వంగి, మోచేయి దాటి, భుజం దాకా చెయ్యి దించాను.

"అందిందా?" అని అడిగింది అమ్మ.

వేళ్ళు చాపి వెతికాను. "అందలా మా," అన్నాను.

"బాగా సూడు."

మళ్ళీ దించాను. కింద ఏమీ తగల్లేదు.

"అందలా."

అమ్మ తల ఊపింది. తడి చెయ్యి ముఖానికి రుద్దుకొని, మళ్ళీ నీళ్ళలో పెట్టింది.

"ఉండు," అంది. "కొంచేపు ఈడనే ఉండు."