నడిచిన దూదిపోగు

మొన్న పొద్దున పేపర్లో ఒక వార్త చదువుతూ చాయ్ చల్లారబెట్టుకున్నాను. ఎక్కడో మడ అడవుల్లో, కుళ్లిన ఆకుల మీద, కనురెప్ప వెంట్రుకంత పొడవున్న బ్యాక్టీరియా దొరికిందట, చూడటానికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదట. ఎవరికైనా చెబుదామని తలెత్తితే ఇంట్లో నేనొక్కదాన్నే.

అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతబడి ఒక ఏడాది పోగొట్టుకున్న తరం మాది. ఆలస్యంగానైనా ల్యాబు పని నేర్చుకుని, మానుకోట దగ్గర ఒక చిన్న దవాఖానలో చేరి, ఊరుగాని ఊళ్లో ఒంటరి గదిలో ఉంటున్న నాకు, అక్కడ ఊడ్చే అవ్వ ఒక్కతే తోడుగా ఉండేది. మధ్యాహ్నం తన జొన్నరొట్టె తుంచి పెడుతుంటే, నెత్తురులోని ఎర్రకణం ఈ రొట్టెంత అనుకుంటే మామూలు సూక్ష్మజీవి చింతగింజంతేనని చెప్పేదాన్ని. ఆ లెక్కన పేపర్లోది మా ఇంటి నుంచి రైలు గేటు దాకా పోతుంది.

ఒక వానాకాలం దవాఖాన వెనక మోరీ నిండిపోతే, నల్లటి కంపు బురద మీద తేలిన తెల్లటి పోగుల్ని అవ్వ సీసాలో పట్టుకొచ్చింది. "బిడ్డా, గివి మెల్లగ కదులుతున్నయ్. జర నీ అద్దంల చూడు" అంది. చూద్దును కదా, ఒక్కో పోగు ఎర్రకణాలు నాలుగైదు పక్కపక్కన పేర్చినంత లావు, లోపల మెరిసే గింజలు, నింపాదిగా జరుగుతోంది! సంతోషం పట్టలేక డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. కోస్తా నుంచి వచ్చిన ఆయన అద్దంలోకి ఒక్క క్షణం వంగి, దూదిపోగు అని తేల్చేసి, "గిది సూడుండ్రి సారూ" అన్న నా మాటనే సాగదీసి అందరి ముందూ అనేసరికి వార్డంతా నవ్వింది.

నేను తిరిగొచ్చి స్లైడు కడిగేసి, దూదే అవ్వా, అన్నాను. సిగ్గుతో అన్న అబద్ధం అది.

"దూది నడుస్తదా బిడ్డా?" అని మాత్రం అడిగింది. నేను తర్వాతి స్లైడు చేతిలోకి తీసుకున్నాను. మర్నాటి నుంచి తన రొట్టె తను బయట వరండాలో కూర్చుని తింది. పిలవాలనుకుంటూనే రోజులు గడిపాను. ఈలోగా నాకు జనగామ బదిలీ అయింది, తర్వాత ఆమె పోయిందని తెలిసింది.

ఇప్పుడు ల్యాబుల్లో మిషనే చూసి కాగితం చేతికిస్తుంది, కన్ను ఆనించి చూసే పని తగ్గిపోయింది. మేం చూసింది పేపర్లో వచ్చిన దానికి చుట్టమో కాదో నాకు తెలియదు. కానీ అది నడిచింది, ఇద్దరం చూశాం.

నడుస్తది అవ్వా, అని పైకే అన్నాను, ఎవరూ లేని ఇంట్లో.